మొత్తుకునే ఫ్యాన్

నిన్న మధ్యాహ్నం మా కాలేజీ ఆఫీసులో ఒక కంప్యూటర్ స్లీప్‌లోకి పోతూ పోతూ బిగుసుకుపోయింది. తెర నల్లబడింది. మౌస్ కదిపినా, కీబోర్డు మీద బాదినా ఉలుకూ పలుకూ లేదు. డబ్బా లోపలి ఫ్యాన్లు మాత్రం ఎత్తెక్కుతున్న షేర్ ఆటోలా హోరెత్తాయి. దానితో పాటే వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. మా గోదావరిఖనిలో దుమ్మంటే సగం బొగ్గే కాబట్టి ఆ వాసన నాకు బాగా తెలుసు. ప్రిన్సిపాల్ గారు తన గదిలోంచి తల బయటపెట్టి, "సరిత గారూ, లోపల పేరెంట్స్ ఉన్నారు. ఆ చప్పుడు వినపడకుండా దాని మీద ఏదైనా కప్పించండి" అన్నారు. పాపం, మా గుమాస్తా వెంకటేశం గారు చెప్పిన మాట వినే మనిషి. టేబుల్ మీది గుడ్డ లాగి కప్పబోయారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ గుడ్డ దాని మీద పడిందంటే బాగుండదని ఎంత గట్టిగా అరిచానంటే, లోపలున్న తల్లిదండ్రులు కూడా లేచి బయటికొచ్చారు.

అరిచినందుకు నేనేమీ సిగ్గుపడటం లేదు. ఈ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, నస్రీన్ అక్క దగ్గర పనితో పాటు నేర్చుకున్నది. ఆమె మా బజారులో కంప్యూటర్లు బాగుచేసేది. దుకాణం బోర్డు మీద మాత్రం ఆమె అన్న జబ్బార్ పేరుండేది. అన్న ముందు గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్లతో ముచ్చట్లు పెట్టేవాడు. చెల్లెలు తెర వెనక కింద చాప పరుచుకుని డబ్బాలు విప్పేది. చున్నీ నడుముకు బిగించి, దుమ్ము దులిపే రంగుల బ్రష్షు ఒకటి కొప్పులో గుచ్చుకునేది. మొగుడి ఇంట్లో పడలేక తిరిగొచ్చిన మనిషి అని బజారంతా చెవులు కొరుక్కునేవారు. ఆ మాట ఆమె చెవిన పడితే చాలు, తెర పక్కకు జరిపి, ఆ ముక్క పలికినవాళ్ల ముఖం మీదే నాలుగు దులిపేది. "నోరు మంచిది కాదు" అనేవారు. ఆమె పేరెత్తితే ఇప్పటికీ కొందరు ఆ ముక్కే ముందంటారు. వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఆమె దాకా నేనెందుకు వెళ్లానో చెప్పాలంటే మా క్వార్టరు సంగతి చెప్పాలి. రెండు గదుల ఇల్లు. గనిని మేం బాయి అంటాం. మా బాపు ఆ బాయిలో పట్టాల మీద బొగ్గు మోసే టబ్బుల దగ్గర పనిచేసేవాడు. రాత్రి షిఫ్టు ఉన్న వారమంతా పొద్దున వచ్చి, నాలుగు మెతుకులు తిని, పగలు పడుకునేవాడు. మా లైన్‌లో ఎవరి గడప ముందు బూట్లు విడిచి ఉన్నాయో ఆ ఇంట్లో మనిషి నిద్రపోతున్నాడని లెక్క. అప్పుడిక కూరగాయలమ్మే మనిషి కూడా ఆ గుమ్మం ముందు అరవదు. పిల్లలు ఇంకో లైన్‌కు పోయి ఆడుకుంటారు. ఆ ఇంట్లో కుక్కర్ కూత కూడా వినపడదు. పగటి నిద్ర చెడిన మనిషికి రాత్రి బాయి లోపల కళ్లు మూతపడితే ఏమవుతుందో మా దగ్గర చిన్నపిల్లలక్కూడా తెలుసు.

ఆ ఇంట్లోనే, బాపు మంచానికి గోడ అవతల, నేనొక పాత కంప్యూటర్ పెట్టుకుని తెలుగు టైపింగు చేసేదాన్ని. ప్రెస్సుల వాళ్లు లగ్గం పత్రికలూ పరీక్ష పేపర్లూ ఇచ్చేవారు. చదువైపోయి ఖాళీగా కూర్చున్న నాకు అదొక్కటే పని. అది ఉన్నన్నాళ్లే నేను ఇంట్లో ఒక మనిషినన్న ధైర్యం. నల్లా వచ్చిందని నీళ్లు పట్టడానికి లేచిపోతే అది తనంతట తాను స్లీప్‌లోకి పోయేది. పోయేది అనడమే గానీ పూర్తిగా పోయేది కాదు. తెర చచ్చేది, ఫ్యాన్లు మొత్తుకునేవి. నేను బిందె పడేసి పరుగెత్తుకొచ్చేసరికి బాపు మంచం మీద లేచి కూర్చుని కళ్లు నులుముకుంటూ ఉండేవాడు. బటన్ నొక్కిపట్టి చంపితే తప్ప అది ఆగేది కాదు. అప్పటిదాకా కొట్టిన పేజీ కూడా దాంతోనే పోయేది.

మొదటిసారి డబ్బాను ఆటోలో వేసుకుని జబ్బార్ దుకాణానికి తీసుకెళ్లాను. విండోస్ మళ్లీ వేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి రెండు రోజులు కాకముందే అదే వరస. ఆ వారంలోనే బాపు చెయ్యి రెండు టబ్బుల నడుమ పడి వేలు నలిగింది. దవాఖానలో కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి, కునుకు పట్టిందని ఒక్కమాట అన్నాడు. అంతే, మా అవ్వ నా మీద విరుచుకుపడింది. మేం కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. "నీ మిషిని మీ బాపును మింగుతది. ఆదివారం దాకే సూస్త, తెల్లారి అమ్మిపడేస్త" అంది. బాపు నా వైపు మాట్లాడలేదు, అవ్వ వైపూ మాట్లాడలేదు. అవ్వ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అదే నాకు ఎక్కువ మంట.

కట్టు కట్టిన చేతికి పది రోజులు సెలవిచ్చినా బాపు ఒళ్లు రాత్రిపూట నిద్రపోవడం మరిచిపోయింది. పగలే పడుకునేవాడు. నేను మళ్లీ డబ్బా ఎత్తుకుని దుకాణానికి పోయాను. జబ్బార్ దాన్ని తగిలించి స్లీప్‌లో పెట్టాడు. చక్కగా నిద్రపోయింది. మౌస్ కదిపాడు. చక్కగా లేచింది. ఇంకోసారి చేసి చూపించాడు. అక్కడ కూర్చున్న ఇద్దరు ముగ్గురు నన్ను చూసి నవ్వుకున్నారు. మిషినిలో ఏం లేదు, వాడటం చేతగాక ఏదో నొక్కుతున్నావు, అయినా పని కాగానే ఆపేసి పెట్టుకుంటే గొడవే ఉండదు కదా అని తేల్చేశాడు. నలుగురిలో అబద్ధాలకోరును చేశాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లకు నా మీద నాకే రోత పుట్టింది.

అప్పుడు తెర జరిగింది. కొప్పులో బ్రష్షుతో నస్రీన్ అక్క బయటికొచ్చింది. నన్ను చూడలేదు, అన్నను చూసింది.

"ఆపేసి పెట్టుకో అనేది రిపేరా? గిక్కడ పండుకుంటున్నది, ఇంటికాడ పండుకుంటలేదు. అంటే గీ పిల్ల అబద్ధమాడుతున్నదనా, ఇంటికాడ ఏదో ఉన్నదనా? పోయి సూసినవా?"

జబ్బార్ ఏదో గొణిగాడు. ఇళ్లకు తిరిగే పని మనది కాదన్నాడు. ఆమె వినిపించుకోకుండా నా వైపు తిరిగి వరసపెట్టి అడగడం మొదలుపెట్టింది. ఏ గదిలో ఉంటది, దానికి ఏమేం తగిలిస్తవు, మొదటిసారి ఎప్పుడు గిట్ల చేసింది, దానికి ముందు కొత్తగా ఏం తెచ్చినవు. ఆ దుకాణానికి రెండుసార్లు వచ్చినా నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదని అప్పుడు తోచింది. గుర్తొచ్చినంత వరకు చెప్పాను. ఆమె అప్పటికప్పుడు ఆటో పిలిచి, డబ్బాతో పాటు తానూ మా ఇంటికి వచ్చింది.

గుమ్మం ముందు బాపు బూట్లున్నాయి. డ్యూటీ లేకపోయినా నిద్రకు ముందు వాటిని అక్కడ పెట్టడం ఆయన మానలేదు. నస్రీన్ అక్క కూడా ఇక్కడి మనిషే, వాటిని చూడగానే చెప్పులు చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత కాసేపు నేను చూసింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఊరంతా నోరు పెద్దదనే ఆడమనిషి గుసగుసగా కోప్పడుతోంది. వైర్లన్నీ చిక్కుపడి ఉన్నందుకు గుసగుసగా తిట్టింది. ఇంట్లో ఏదెలా తగిలించి ఉండేదో అలాగే తగిలించమంది. తగిలించాను. కాసేపు టైపు చేయించి స్లీప్‌లో పెట్టించింది. తెర చచ్చింది, ఫ్యాన్ల మొత్తుకోలు మొదలైంది. ఆ రోజు మామూలు కంటే రెట్టింపు మోత. ఆమె ముఖం వెలిగిపోయింది. "సూసినవా, నువ్వు అబద్ధమాడలే" అంది నా చెవిలో. నా మాట నిజమని ఇంకొకరు అనడం అదే మొదటిసారి.

డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసింది, గాలి తగల్లేదు. గోడ అవతల బాపు లేవకముందే బటన్ నొక్కి ఆపింది. వెనక్కి తిప్పింది. గాలి బయటికి వచ్చే జల్లెడకు అడ్డంగా లోపలి నుంచి ఒక గుడ్డ కుక్కి ఉంది. జిడ్డు తుడుచుకోవడానికి బాయిలో వాడే గుడ్డ. నేను నోరెళ్లబెట్టాను. తలుపు దగ్గర నిలబడ్డ అవ్వ తల దించుకుని, మీ బాపే పెట్టిండు, సప్పుడు తగ్గుతదని, అంది. నలిగిన వేలితో, కట్టుతో, పక్క రేకు విప్పి, గుడ్డ మడిచి కుక్కి, మళ్లీ స్క్రూలు బిగించాడట. నేను రెండోసారి దుకాణానికి పోవడానికి ముందటి సాయంత్రమే. జబ్బార్ ముఖాన కొట్టినా కనిపించని ఆ గుడ్డతోనే నేను డబ్బాను దుకాణం దాకా మోసుకుపోయి తెచ్చాను. వాడు రేకు విప్పి లోపలికి తొంగి కూడా చూడలేదు.

అప్పుడు నస్రీన్ అక్క మా లైన్‌లో ఎవరూ చేయని పని చేసింది. నేరుగా లోపలి గదిలోకి పోయి, రాత్రి షిఫ్టు మనిషిని, నిద్రపోతున్నవాణ్ని లేపింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టబోతే తోసేసింది. బాపు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఎదురుగా పరాయి ఆడమనిషి, చేతిలో తన గుడ్డ.

"కాకా, మొన్న సమ్మెల బాయిలన్నీ బంద్ వెట్టిన్రు గదా. ఫ్యాన్ బంద్ వెట్టిన్రా?"

బాపు నిద్ర మత్తులో ఆ గుడ్డనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. లేదన్నాడు.

"ఎందుకు వెట్టలే?"

"బాయి సస్తది బిడ్డా."

"మరి నీ బిడ్డ మిషినికి గీ బట్టెందుకు వెట్టినవ్?"

ఆమె అడిగిందేమిటో మా ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. బాయికి గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ హోరు మా కాలనీ అంతా రాత్రింబవళ్లు వినపడుతూనే ఉండేది. ఆ హోరు పక్కన పసిపిల్లలు కూడా నిద్రపోతారు. అది ఆగితేనే ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వాకిట్లోకొచ్చి నిలబడతారు. లోపలివాళ్లంతా పని ఆపి పైకి రావలసిందే. సమ్మె రోజుల్లో బొగ్గు పెళ్ల కదలకపోయినా, ఫ్యాన్ దగ్గరికీ నీళ్లు తోడే పంపుల దగ్గరికీ మాత్రం మనుషులు పోయి వచ్చేవారు. వాళ్లను ఎవరూ అడ్డుకోలేదు. అలాంటి బాయిలో బతుకంతా గడిపిన మనిషి, నిద్ర కోసం, కూతురి కంప్యూటర్ గొంతులో గుడ్డ కుక్కాడు. బాపు మంచం దిగి, ఆమె చేతిలోంచి ఆ గుడ్డ తీసుకుని, మడిచి తన దిండు కింద పెట్టుకున్నాడు. పడుకోలేదు. గోడకానుకుని కూర్చుని, కానియ్యి బిడ్డా, అన్నాడు.

గుడ్డ తీస్తే మోత తగ్గింది. బిగుసుకుపోవడం తగ్గలేదు. అవ్వ ముఖం మాడిపోయింది.  నస్రీన్ అక్క మాత్రం, గుడ్డ వల్ల గాలాడక పెరిగింది మోత ఒక్కటే, బిగుసుకుపోయే రోగం వేరు, రెండూ ఒక్కటే అనుకుంటే రెండూ దొరకవు అంది. ఇక గుసగుసల పని లేదు కాబట్టి గొంతు పూర్తిగా విప్పింది. ప్రింటర్ తీయించింది, స్లీప్‌లో పెట్టించింది. బిగుసుకుంది. ప్రింటర్ మళ్లీ పెట్టించి స్పీకర్లు తీయించింది. బిగుసుకుంది. నేను తొందరపడి రెండు వైర్లు ఒకేసారి లాగబోతే చేతి మీద ఒక్కటేసింది. "ఒక్కటే తియ్యాలె. రెండు తీస్తే ఏది దొంగనో ఎట్ల తెలుస్తది? ఊకె ఇద్దరినీ జైల్ల వేస్తవా?" అంది. ఆ దెబ్బ నాకు బాగా గుర్తు.

చివరికి వెనకాల గుచ్చి ఉన్న ఇంటర్నెట్ డేటా కార్డు పీకింది. స్లీప్‌లో పెట్టించింది. తెర ఆరింది. ఫ్యాన్లు నెమ్మదించి, ఆగి, చిన్న దీపం ఒకటి మినుకుమినుకుమంటూ మిగిలింది. మౌస్ కదిపితే నా లగ్గం పత్రిక సగంలో ఎక్కడుందో అక్కడే లేచింది. నిద్రపోయే ముందు మిషిని ఒక్కోదాన్నీ పని చాలించమంటుందట. ఆ కార్డును నడిపే పాత సాఫ్ట్‌వేర్ మాత్రం సరే అనేది కాదట. దానికోసం కాచుక్కూర్చుని ఇటు నిద్రా లేక, అటు మెలకువా లేక బిగుసుకుపోయేదట. దుకాణంలో ఆ కార్డు తగిలించలేదు కాబట్టి అక్కడ బుద్ధిగా పడుకునేది. ఆమె ఆ సాయంత్రమే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి వేసింది. కార్డు గుచ్చి పెట్టినా మళ్లీ బిగుసుకోలేదు. ఆదివారం వచ్చింది, పోయింది. అవ్వ అమ్మే మాట ఎత్తలేదు. సోమవారం బాపు గోడ అవతల గురక పెడుతుంటే నేను ఇవతల పరీక్ష పేపరు కొట్టాను.

ఆ నెలలోనే నేను ఆమె చాప మీద రెండో మనిషినయ్యాను. పేజీలు రాత్రికి కొట్టుకునేదాన్ని, పగలు ఆమె పక్కన డబ్బాలు విప్పేదాన్ని. బజారులో జబ్బార్ మాత్రం, క్వార్టర్లలో ఎవరికీ పట్టుబడని రోగం తానే కనిపెట్టానని చెప్పుకు తిరిగాడు. అది విని నేను కుతకుతలాడిపోతుంటే ఆమె తన పద్ధతిలో తెర జరిపి, వచ్చినవాళ్ల ముందే, "గా రోగమేందో సెప్పు భాయ్, ఇంటం" అంది. అతను గల్లాపెట్టె సర్దుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఇంట్లో ఆమెతో రెండు రోజులు ఎవరూ మాట కలపలేదట. బోర్డు మీద తన పేరు కూడా రాయించమని ఆమె ఎన్నిసార్లు అడిగిందో. ప్రతిసారీ నవ్వి, నీ పేరు పెడితే ఎవడొస్తడు అనేవాడు. ఎవరైనా లోపలికొచ్చి మెకానిక్ లేడా అని అడిగితే, లేడు, ఉన్నది అనేది ఆమె. ఆ ముక్క పొగరుగా ఉందని మళ్లీ ఇంకో పేరు. పని చేయించుకోవడానికి పనికొచ్చిన మనిషి, నోరు తెరిచేసరికి ఎవరికీ పనికిరాకుండా పోయేది.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో ఆమె పోయింది. ఈ మాట రాస్తుంటే నాకొచ్చేది దుఃఖం కాదు, కోపం. నేను అప్పటికే ఈ కాలేజీలో చేరాను. ఛాతీలో నొప్పి అని ఆమె ఇంట్లో చెబుతూనే ఉందట. రాత్రిపూట లేచి కూర్చుని అరిచిందట కూడా. ఆమె ఎప్పుడూ అరిచేదే కదా అనుకున్నారు. గ్యాస్ నొప్పికి ఇంత గోల ఏమిటని తలుపు దగ్గరేసుకున్నారు, పిల్లల నిద్ర పాడవుతుందని. ఇది నాకు వేరెవరో చెప్పలేదు, ఆమె వదినే ఏడుస్తూ చెప్పింది. వినగానే నాకు డబ్బా వెనక కుక్కిన ఆ జిడ్డు గుడ్డ కళ్లముందుకొచ్చింది.

బాపూ నేనూ పోయేసరికి లోపల గదిలో ఆడవాళ్లం, బయట గల్లీలో కుర్చీల మీద మొగవాళ్లు. నడుమ ఒక తెర. జబ్బార్ వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నాడు. "చేతిల హునర్ మస్తుండె, ఏ మిషినైనా బాగుజేసేది. గానీ నోరు మంచిగ లేకుండె, ఏం జేస్తం" అన్నాడు. అందరూ తలలూపినట్టున్నారు, సర్దుకున్న కుర్చీల చప్పుడు వినపడింది. నేను లేచాను. తెర లాగి ఏమనేదాన్నో నాకే తెలియదు. ఈలోగా మా బాపు గొంతు వినపడింది. పది మందిలో నోరు విప్పే మనిషి కాదాయన.

"నేను గూడ గట్లనే బట్ట కుక్కిన జబ్బార్. మొత్తుకుంటున్నదని. గామె వచ్చి నన్ను నిద్రల కెల్లి లేపి తిట్టింది గనుక తీసిన. మిమ్ముల లేపెటోళ్లు ఎవలు లేకపోయిరి."

కుర్చీల చప్పుడు ఆగిపోయింది.  లోపల ఆమె వదిన నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. బాపు లేచి, నా కోసం కూడా చూడకుండా, వానలో నడుచుకుంటూ ఇంటికెళ్లిపోయాడు.

నిన్న వెంకటేశం గారి చేతిలోంచి ఆ టేబుల్ గుడ్డ తీసుకుని మడిచి పక్కన పెట్టాను. ప్రిన్సిపాల్ గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నారు. ఇంత చిన్నదానికి అంత కోపమెందుకమ్మా, ఎదురుగా చదువుకున్నవాళ్లున్నారు, అన్నారు. వాళ్లను ఇంకో గదిలో కూర్చోబెట్టండి సార్, ఇది ఎందుకు మొత్తుకుంటుందో తెలిసేదాకా నేనిక్కడి నుంచి లేవను అన్నాను. నేల మీద కూర్చుని, పక్క రేకు విప్పి, వెనకాల తగిలించి ఉన్నవాటిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, పీకాను.